మాజీ సైనికుల సంఘాల రికార్డులను కాపాడాలి

సంపాదకులకు,

నల్లగొండ జిల్లాలోని మాజీ సైనికుల సంఘాలకు రాష్ట్ర ప్రభుత్వం ఏటా కొంత గ్రాంటు ఇవ్వాలని, వాటి దగ్గరున్న పాత రిజిస్టర్లను స్కాన్ చేయించి భద్రపరచాలని కోరుతున్నాను.

1962 చైనా యుద్ధం తరువాత సైన్యాన్ని విస్తరించినప్పుడు చేరినవారిలో, పెన్షనుకు కావలసిన 15 ఏళ్ళ సర్వీసు నిండకుండానే ఇంటికి వచ్చినవారున్నారు. పెన్షన్ లేని జవాను సర్వీసు పత్రాలను సైన్యపు రికార్డు ఆఫీసులు 25 ఏళ్ళు ఉంచి, ఆపైన నిబంధనల ప్రకారం తీసివేస్తాయి. శాశ్వతంగా ఉంచే లాంగ్ రోల్ అనే పేర్ల పట్టీలో క్లుప్తమైన వివరాలే మిగులుతాయి. సైన్యం నుంచి వచ్చేటప్పుడు ఇచ్చిన, ఇంట్లో దాచిన డిశ్చార్జి బుక్కు చెదల పాలైతే, అతని భార్యకు ఐడీ కార్డు కోసమైనా, సాయం కోసమైనా చూపించుకోవడానికి దగ్గరలో దొరికే ఆధారం సంఘం రిజిస్టరే.

అటువంటి రిజిస్టరు మా సంఘం బీరువాలో ఉంది. ఆర్మీ నంబరు, ర్యాంకు, యూనిట్, ఊరు, భార్య పేరు, చివరన సంతకమో వేలిముద్రో. తడి తగిలిన పేజీల్లో సిరా అలుక్కుపోయి నంబర్లలో చివరి అంకెలు ఆనడం లేదు. డిశ్చార్జి బుక్కులో ఎల్లమ్మ అని, ఆధార్‌లో యాదమ్మ అని ఉంటే, ఇద్దరూ ఒకరేనని తేల్చడానికి ఆ ఒక్క వరుస ఎంతో తోడ్పడుతుంది.

సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు 2020లో గల్వాన్‌లో అమరుడైతే రాష్ట్రమంతా కన్నీరు పెట్టింది, దేశం మహావీర్ చక్రతో గౌరవించింది. ప్రాణాలతో తిరిగివచ్చి, ఊళ్ళో వ్యవసాయం చేసుకుంటూ ముసలివారైన జవాన్ల పేర్లు కూడా ఎక్కడో ఒకచోట నిలవాలి కదా.

సభ్యుల చందాతో నడిచే ఈ సంఘాలకు, పెద్దవారు ఒక్కొక్కరే కాలం చేస్తున్నకొద్దీ గది అద్దె కూడా భారమవుతోంది. గది ఖాళీ చేస్తే రిజిస్టర్లు బస్తాల్లోకి, ఆపైన పాత కాగితాల దుకాణానికి పోతాయి. ఇందుకు కావలసిన డబ్బును సాయుధ దళాల పతాక దినోత్సవాన సేకరించే విరాళాల నిధి నుంచి తీయకూడదు, అది వీరనారుల (అమర జవాన్ల భార్యల), మాజీ సైనికుల, వారి కుటుంబాల సంక్షేమానికి ఉద్దేశించినది. బడ్జెట్‌లోనే విడిగా చూపాలి. లెక్కలు ఏటా ఆడిట్ చేయించాలన్న షరతు పెట్టడం సబబే. అసలు రిజిస్టర్లు సంఘాల దగ్గరే ఉంచి, నకళ్ళను ఒకటి హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో (పాత పత్రాల భాండాగారంలో), మరొకటి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పెట్టాలి. కుటుంబాల వివరాలను వారసులకు తప్ప ఎవరికీ చూపకూడదు.

డిసెంబరు 7 పతాక దినోత్సవానికి ముందే కలెక్టరుగారు సంఘాల కార్యదర్శులను పిలిపించి, ఎవరి దగ్గర ఏ రిజిస్టరు ఏ స్థితిలో ఉందో జాబితా రాయించాలని మనవి.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడు,
నల్లగొండ