శ్రావణం కేటలాగులు: ముందు పేజీ, తర్వాతే ఫోటో

కస్టమర్లందరికీ నమస్కారం.

శ్రావణ మాసం చీరల కేటలాగులకు పేజీలు కూర్చిపెట్టమని ఫోన్లు మొదలయ్యాయి కాబట్టి, ఈ సీజన్ నుంచి మా దగ్గర మారుతున్న పద్ధతి ముందే చెప్పేస్తున్నాం. పేజీల ప్లాన్ ఖాయం కాకుండా ఫోటో షూట్ పెట్టుకోవద్దు. షూట్ అంతా అయిపోయాక పెన్‌డ్రైవ్ తెచ్చి "వీటితో అందంగా ఏదో ఒకటి చేసిపెట్టండి" అంటే ఇకపై ఆ ఆర్డరు తీసుకోం. పాత కస్టమర్లకూ ఇదే మాట. లేఅవుట్ (పేజీల కూర్పు) రేటు కూడా కొంత పెరుగుతోంది. ఎంత, ఎందుకు అన్నది కింద రాశాను.

కారణం చెప్పాలి కదా. మాకు వచ్చే పెన్‌డ్రైవుల్లో ఒక చీర నిలువు ఫోటో, ఇంకోటి అడ్డం ఫోటో, మూడోది బొమ్మకు కట్టింది, నాలుగోది టేబుల్ మీద పరిచింది. ఒకదాంట్లో మోడల్ పాదాల కింద చోటే ఉండదు, ఇంకోదాంట్లో తల పైన బోలెడంత గోడ. ఇవన్నీ ఒకే పుస్తకంలో సర్దాలంటే ప్రతి పేజీకీ కొత్త లెక్క వేయాలి. చివరికి 40 పేజీల కేటలాగు తిప్పితే 40 షాపులకు వెళ్లొచ్చినట్టు ఉంటుంది. తేడా ఎక్కడ కొడుతోందో చూసేవాళ్లకు చెప్పడం రాదు, "ఏదో తగ్గిందండీ" అంటారు. రంగు మార్చమంటారు, చుట్టూ పూల డిజైన్ వేయమంటారు. వేస్తాం కూడా. అయినా ఆ తగ్గింది అలాగే ఉంటుంది.

దీనికి మందు గ్రిడ్. పేజీ మీద డిజైనర్ ముందుగా గీసుకునే గళ్లు అవి, ప్రింటులో కనిపించవు. ఫోటో, పేరు, ధర, ఖాళీ అన్నీ ఆ గళ్ల లెక్కలోనే కూర్చోవాలి. ఈ విషయం మా కస్టమర్లలో నేత సొసైటీల వాళ్లకు చెప్పడం చాలా తేలిక. జకార్డ్ డిజైనును వాళ్లు ముందు గ్రాఫ్ పేపర్ మీద గడి గడికీ నింపుకుంటారు. మగ్గం ఎక్కాక "ఆ పువ్వును కాస్త పక్కకు జరపండి" అని ఎవరూ అడగరు. షాపుల వాళ్లు మాత్రం మమ్మల్ని మూడో ప్రూఫులో (అచ్చుకు ముందు సరిచూసుకునే నమూనాలో) అడుగుతారు!

మేం వాడబోయే గ్రిడ్ దాచుకోవాల్సిన రహస్యమేమీ కాదు, లెక్కతో సహా చెప్తాను. ఏ4 పేజీ 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 ఎత్తు. బైండింగు వైపు 18, బయటి వైపు 12 మార్జిన్ వదిలితే 180 మిగులుతుంది. దాన్ని 6 కాలమ్‌లు చేశాం. ఒక్కో కాలమ్ 25, మధ్య సందు 6. పైన 15, కింద 24 వదిలితే ఎత్తు 258. అందులో 60 మి.మీ. వరసలు నాలుగు, వాటి మధ్య సందులు మళ్లీ 6. ఈ 6 ఊరికే పెట్టింది కాదు. 6 మి.మీ. అంటే దాదాపు 17 పాయింట్లు (అక్షరాల సైజు కొలిచేది పాయింట్లలోనే). పది పాయింట్ల తెలుగు అక్షరానికి ఒత్తులూ గుడులూ ఒకదానికొకటి తగలకుండా లైనుకీ లైనుకీ అంత దూరం కావాలి. అంటే పేజీలో ఫోటోల మధ్య సందు, అక్షరాల లైను రెండూ ఒకే కొలత. ఎడమ పేజీలో ధర రాసిన లైను, కుడి పేజీలో ధర రాసిన లైను ఎదురెదురుగా తిన్నగా వస్తాయి.

ఇందులో చీర ఎలా కూర్చుంటుందో చూడండి. మూడు కాలమ్‌లు కలిపితే 87 మి.మీ., రెండు వరసలు కలిపితే 126. మామూలు డీఎస్ఎల్ఆర్ కెమెరాలో నిలువు ఫోటో వెడల్పు, ఎత్తు 2:3 నిష్పత్తిలో వస్తుంది. 87 వెడల్పుకు ఎత్తు 130.5 అవుతుంది. కాబట్టి మేం కోసేది నాలుగున్నర మి.మీ. మాత్రమే. అందుకే ఫోటోగ్రాఫర్‌కు మా నుంచి ముందే ఒక కాగితం వెళ్తుంది: నిలువుగా తీయండి, తల పైన కొంచెం, పాదాల కింద కొంచెం వదలండి, అన్ని చీరలకూ ఒకే దూరం. ఫోన్‌తో తీస్తే చాలా ఫోన్లలో నిష్పత్తి 3:4, పక్కలు ఎక్కువ కోయాల్సి వస్తుంది. కొంగు చాచి నిలబడిన ఫోటోలో కోత పడేది సరిగ్గా కొంగు మీదే.

ఫోటో పక్కన మిగిలిన మూడు కాలమ్‌లలో పైన 87 × 60 గడి చీర అంచుకి, కింద 87 × 60 గడి వివరాలకి. ఆ గడిలో పది లైన్లు పడతాయి. పేరు, కోడ్, నేత, పొడవు, బ్లౌజు ఉందో లేదో, ధర. అంతకన్నా రాయాల్సింది ఉంటే అది కేటలాగులో కాదు, షాపులో చెప్పాల్సింది.

అంచు గడి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, నాకు ఇందులో బాగా నచ్చింది అదే. రెండు అంగుళాల అంచు అంటే 51 మి.మీ. 60 మి.మీ. గడిలో దాన్ని అసలు సైజులోనే వేయొచ్చు. కేటలాగు పట్టుకున్న మనిషి తన దగ్గరున్న చీర అంచు పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. జరీ మెరుపు మామూలు నాలుగు రంగుల ప్రింటులో రాదు. దానికి విడిగా బంగారు ఇంకు, విడిగా ప్లేటు, విడిగా ఖర్చు. కానీ అంచు ఎంత వెడల్పో, బుటా ఎంత పెద్దదో అబద్ధం లేకుండా చూపించగలం. గద్వాల లాంటి పెద్ద అంచు నాలుగు అంగుళాలు దాటితే ఒక్క వరస చాలదు, రెండు వరసల గడి ఇవ్వాలి. అప్పుడు వివరాలకు చోటు వెతకాలి, ఆ చీరకు పేజీ ప్లాన్ మారుతుంది. అందుకే షూట్‌కు ముందే అంచుల కొలతలు అడుగుతున్నాం.

ఈ లెక్కన పేజీకి రెండు చీరలు. వినగానే చాలామంది గుండెల మీద చెయ్యి వేసుకుంటారని తెలుసు. "80 చీరలకు 40 పేజీలా?" అంటారు. తక్కువలో కావాలంటే అదే గ్రిడ్‌లో ఇంకో దారి ఉంది. రెండు కాలమ్‌లు 56 మి.మీ.; ఫోటో 56 × 84, అచ్చంగా 2:3. దాని కింద ఒక లైను ఖాళీ, ఆరు లైన్ల వివరాలు. పేజీకి ఆరు చీరలు వస్తాయి. అవే ఫోటోలు, కోత కూడా ఉండదు. ఖరీదైన పట్టుకు రెండేసి, రోజువారీ కాటన్‌కు ఆరేసి వేసుకుంటే పుస్తకం ఒకేలా ఉంటుంది, పేజీలూ తగ్గుతాయి. ఆరు మించి మాత్రం వేయం. "ఇంకో మూడు ఎక్కడైనా ఇరికించండి" అన్న మాటకు ఈ సీజన్ నుంచి మా జవాబు "కుదరదు" అనే.

ఖాళీ గురించి గొడవ ఎప్పుడూ ఉండేదే. కాగితానికి డబ్బు కట్టింది మేం, తెల్లగా వదిలేది మీరు అంటారు. అందులో న్యాయం ఉంది. అదే సమయంలో మీరే నాకు వోగ్, హార్పర్స్ బజార్ లాంటి ఫ్యాషన్ పత్రికల పేజీలు పంపి "ఇలా ఉండాలి" అంటారు. ఆ పేజీల్లో మీకు నచ్చిందే ఆ ఖాళీ. అలెక్సీ బ్రోడోవిచ్ 1934 నుంచి 1958 దాకా హార్పర్స్ బజార్‌కు ఆర్ట్ డైరెక్టర్. ఎదురెదురు పేజీలు రెండింటినీ ఒకే బొమ్మగా చూడటం, తెలుపును కావాలని వదలడం, అక్షరాల పేరాను ఫోటోలోని మనిషి భంగిమకు తగ్గట్టు మలచడం ఆయన చేతుల్లోనే ఫ్యాషన్ పత్రికలకు అలవాటయ్యాయి. అంతకు ముందే, 1929లో అమెరికా వోగ్‌కు వచ్చిన మెహమద్ ఆగా ఫోటోను మార్జిన్ దాటించి కాగితం అంచు దాకా తీసుకెళ్లాడు. మనం ఇప్పుడు ప్రెస్సులో బ్లీడ్ అంటున్నది అదే.

అయితే ఒక్కటి మర్చిపోకూడదు. ఆ పేజీల్లో వాళ్లు కోడ్ నంబరు, ధర, "స్టాక్ ఉన్నంత వరకే" రాయక్కర్లేదు. మీకు కావాలి. కాబట్టి మొత్తం పుస్తకం అలా చేస్తే మీకే నష్టం. మేం చెప్పేది, మొదటి ఎనిమిది పేజీలు అలా ఉండనివ్వండి. పేజీకి ఒక్క చీర, ఫోటో కాగితం అంచు దాకా, నాలుగు మాటలు, మిగతాది ఖాళీ. తర్వాత స్టాకు పేజీలు. రెండింటి కింద గ్రిడ్ ఒకటే కాబట్టి అతుకు కనిపించదు.

పూర్తి పేజీ ఫోటోలు మాత్రం దయచేసి వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపొద్దు. చుట్టూ 3 మి.మీ. బ్లీడ్‌తో (అచ్చయ్యాక కోసేసే భాగం) కలిపి 300 డీపీఐకి సుమారు 2550 × 3580 పిక్సెళ్లు కావాలి. డాక్యుమెంటుగా పంపండి లేదా డ్రైవ్ లింకు ఇవ్వండి.

కొంగు మొత్తం రెండు పేజీల మీద పరచాలని అందరికీ సరదా. సెంటర్ పిన్ పుస్తకంలో (మడత మీద పిన్నులు కొట్టినది) అది నడుమ పేజీల్లో వేస్తే బాగుంటుంది, ఎందుకంటే ఆ రెండు పేజీలే పక్కపక్కన ఒకే కాగితం మీద అచ్చవుతాయి. వేరే చోట వేస్తే ఎడమ సగం ఒక కాగితం, కుడి సగం ఇంకో కాగితం. గులాబీ రంగు ఒక పక్క కొంచెం ముదురుగా రావచ్చు. గమ్ బైండింగ్ అయితే నడుమ భాగాన్ని మడత మింగేస్తుంది, అక్కడ ముఖం గానీ బుటా గానీ రాకూడదు. ఇక పిన్ పుస్తకానికి పేజీలు నాలుగేసి చొప్పునే పెరగాలి. చివర్లో "రెండు పేజీలు పెంచండి" అంటే పెంచేది నాలుగు.

డల్లాస్, న్యూజెర్సీ బొటీక్‌ల వాళ్లకు ఒక మాట. అక్కడి ప్రెస్సులో అచ్చు వేయించుకుంటే లెటర్ సైజు అడుగుతారు. అది ఏ4 కన్నా వెడల్పు కాస్త ఎక్కువ, ఎత్తు దాదాపు 18 మి.మీ. తక్కువ. ఏ4 ఫైలు కుదించి వేస్తే అసలు సైజు అంచు అసలు సైజులో ఉండదు. మొదట్లోనే చెప్తే వరసలు వేరేగా వేస్తాం.

తెలుగు అక్షరాల విషయంలోనూ ఒక మార్పు. పాత పద్ధతి అను ఫాంట్లు వదిలి, ఫోన్లలో వాడే యూనికోడ్‌కు పూర్తిగా వచ్చేశాం. మీరు వాట్సాప్‌లో టైపు చేసి పంపిన పేర్లు మార్చకుండా నేరుగా పేజీలోకి వెళ్తాయి, మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోయే టెన్షన్ లేదు. వివరాలకు మండలి ఫాంటు, హెడ్డింగులకు రామభద్ర ఫాంటు. ఇంగ్లీషులోలాగా మనకు పెద్దబడి, చిన్నబడి అక్షరాలు లేవు. కాబట్టి ఏది ముందు చదవాలో సైజు, మందం బట్టే తెలియాలి. అందుకే పేజీలో మూడు సైజులే ఉంటాయి. రెండు వైపులా లైను సమానంగా రావాలని కొందరు పట్టుబడతారు. 56 మి.మీ. వెడల్పులో తెలుగు మాటలు పొడవు కాబట్టి మధ్యలో పెద్ద సందులు పడతాయి, చదవడానికి అసహ్యంగా ఉంటుంది. ఎడమ వైపు మాత్రమే తిన్నగా ఉంచుతాం.

ఇప్పుడు రేటు. పేజీకి 700 తీసుకునే లేఅవుట్ చార్జి 850 అవుతుంది, రెండు ప్రూఫులు కలిపి. మూడో ప్రూఫు నుంచి పేజీకి 100. ఈ పెంపులో దాదాపు సగానికి గ్రిడ్‌తో సంబంధం లేదని కూడా చెప్పేయాలి: ఆఫీసు అద్దె పెరిగింది, సాఫ్ట్‌వేర్‌కు ఏటా కట్టేది పెరిగింది. మిగతా సగం షూట్‌కు ముందు మీతో కూర్చుని పేజీల ప్లాన్ గీసే పనికి. ఆ ప్లాన్ మీ సొంతం, అచ్చు ఎక్కడ వేయించుకున్నా మాకు అభ్యంతరం లేదు.

అమ్మకం అంతా వాట్సాప్, ఇన్‌స్టాలోనే జరిగే చిన్న బొటీక్‌ల వాళ్లకు మాత్రం ప్రింటు కేటలాగు వద్దనే చెప్తాను. వారం వారం స్టాకు మారేచోట పుస్తకం అచ్చయి వచ్చేలోపు సగం చీరలు అమ్ముడైపోతాయి. ఫోన్ స్క్రీన్ సైజుకు ఇలాంటి గ్రిడ్‌తోనే ఒక టెంప్లేటు చేసిస్తాం, తర్వాత ఫోటోలు మీరే మార్చుకోవచ్చు. దానికి అయ్యేది ప్రింటు ఖర్చులో చిన్న ముక్క.

శ్రావణానికి పుస్తకం చేతికి రావాలంటే ఆషాఢం మొదలయ్యేలోపు ప్లాన్ ఖాయం కావాలి. ఆర్డరు ఇచ్చేవాళ్లు ముందుగా ఒక కాగితం మీద ఇవి రాసి పంపండి: మొత్తం చీరలు ఎన్ని, వాటిలో పట్టు ఎన్ని, కాటన్ ఎన్ని, ఒక్కోదాని అంచు వెడల్పు. అంచు మాత్రం టేపుతో కొలిచి అంగుళాల్లో రాయండి. "పెద్ద బోర్డరు", "చిన్న బోర్డరు" అని రాస్తే మళ్లీ మీకు ఫోన్ చేయాల్సి వస్తుంది.