మైపాడు బీచ్‌లో నా బండి పెట్రోల్ కారుడు ఆపిన కావలి పెద్దాయనకు దండాలు

చేతులకింకా పెట్రోల్ వాసన పోలా. కళ్లు మండతన్నాయి. రేపైతే పనుల్లో పడిపోతానని ఇప్పుడే రాస్తన్నా.

మైపాడు బీచ్‌లో ఏటీవీ, అంటే ఇసకలో తిరిగే నాలుగు చక్రాల బండి, తిప్పుకోని బతికేవోణ్ణి. నాకు సంక్రాంతి జనమే జనం. సరిగ్గా కనుమ పొద్దున బండి కింద ఇసుకంతా తడి. ఇంజన్ ఆపినా, పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కిచ్చే కార్బ్యురేటర్ ఓవర్‌ఫ్లో పైపులోంచి పెట్రోల్ కారతానే ఉంది. పక్కనే సైలెన్సర్. పసిపిల్లల్ని ఎక్కించే బండి!

"ముందు పెట్రోల్ ట్యాప్ కట్టెయ్ అబ్బయ్యా" అంటా వచ్చాడు ఆయన. కావలి నుంచి మనవళ్లతో సముద్రం చూడను వచ్చిన మనిషి. రొయ్యల గుంటల కాడ మోటార్లు బాగుచేసిన చెయ్యంట. కార్బ్యురేటర్ కింద పెట్రోల్ నిలిచే గిన్నె మీద స్పానర్ పిడితో తట్టి చూశాడు. కాసేపు ఆగి మళ్లీ కారింది. లుంగీ ఎగ్గట్టి ఇసకలోనే కూర్చోని విప్పాడు. ఆ గిన్నెలో తేలే బుడ్డి, ఫ్లోట్ అంటారు, చెవి కాడ పెట్టి ఊపాడు, లోపల పెట్రోల్ చప్పుడు లేదు, చిల్లు పడలేదన్నమాట. ఫ్లోట్ వేలితో ఎత్తి పట్టుకోని పెట్రోల్ గొట్టంలో ఊదాడు. గాలి ఆగాల. ఆగలా. ఫ్లోట్ లేస్తే పెట్రోల్ దారి మూసే ముల్లు, నీడిల్, తీసి నా గోటితో తడిమించాడు. రబ్బరు మొన చుట్టూ గాడి. అది కూర్చునే సీటు మీద తెల్లటి పొక్కు. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్, అది తేమ పీలుస్తాది, ఇక్కడ చూస్తే ఉప్పుగాలి అన్నాడు.

బండి అమ్మినోళ్లకు ఫోన్ చేస్తే నీడిల్ విడిగా ఇవ్వరంట, కార్బ్యురేటర్ మొత్తం కొనాలంట, అదీ పండగెళ్లాక, బండిని మద్రాసు తెస్తే. రిజిస్ట్రేషన్ లేని బండి రోడ్డెక్కేదెట్టా? ట్రాలీ ఆటో బాడుగ ఎవురిస్తారు? వేలికొసంత ముల్లు కోసం! అమ్మేటప్పుడు మాత్రం అన్నీ దొరుకుతాయంటారు.

పెద్దాయన ఆ నీడిల్ జేబులో ఏసుకోని నెల్లూరు పోయి, తెలిసిన మెకానిక్కు చేత పండగపూట షెడ్డు తీయించి, పొడవు సరిపోయేది తెచ్చాడు. మనవళ్లు ఆయన కోసం అన్నం తినకుండా కూర్చున్నారు. బిగించాక స్టార్ట్ చేయబోతే "చేయబాకు" అని ఆయిల్ చూసే పుల్ల తీసి వాసన చూశాడు. ఇంజన్ ఆయిల్లోకి పెట్రోల్ దిగిపోయి ఉంది. ఆయిల్ మార్పించాకే కిక్కు కొట్టనిచ్చాడు.

రాత్రి ఫోన్. "కింద అట్టముక్క పరిచినావా?" తెల్లారి నేను లేవకముందే మళ్లీ ఫోన్. "అట్ట పొడిగా ఉందా?" పొడిగానే ఉందని చెప్తా చెప్తా ఏడ్చేశా. నాయన పోయినాక నా పని గురించి అట్టా అడిగినోళ్లు లేరు.

మా ఆవిడకి, తమ్ముడికి దండాలు ఎట్టాగూ ఉన్నాయి.

అయ్యో, కార్బ్యురేటర్‌లోని సన్న బెజ్జాలకు గాలి కొట్టిన పంక్చర్ కొట్టు కుర్రోణ్ణి మరిచా. కారేది పట్టను టబ్బు ఇచ్చిన సోడా బండి అక్కకి కూడా. ఆయిల్ తెచ్చిచ్చిన పట్టపుపాలెం అన్నా, డబ్బులు సాయంత్రం ఇస్తా.