పక్షుల మంచె కాళ్లు పుచ్చిపోకూడదంటే

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న పిల్లలతో ఓ పక్షుల చెరువుకు వెళితే, చెక్కతో కట్టిన వాచ్ టవర్ ఎక్కవద్దని తాడు కట్టి ఉంది. స్తంభం మొదట్లో బండి తాళంచెవితో పొడిచి చూశాను. తడిసిన అట్టలోకి దిగినట్టు దిగిపోయింది. పైన పలకలు మాత్రం గట్టిగానే ఉన్నాయి. ప్రాణం ఉసూరుమంది.

కలప మంచిదే, కట్టిన తీరే దాన్ని చంపింది. స్తంభాన్ని నేరుగా కాంక్రీటులో పాతేశారు. వాన నీరు అక్కడే నిలిచి చెక్కను తినేసింది. స్తంభాన్ని నేలకు జానెడు ఎత్తులో, జింకు పూత ఉన్న ఇనుప బ్రాకెట్ మీద నిలబెట్టాలి. పలకల మధ్య సందులు వదలాలి, పైన చూరు బాగా బయటికి రావాలి.

ఆస్ట్రియాలో 2013లో తెరిచిన పిరమిడెన్‌కోగెల్ టవర్ 100 మీటర్ల ఎత్తు. పొరలుగా అతికించిన లార్చ్ అనే చెట్టు కలప స్తంభాలు 16 దాన్ని మోస్తున్నాయి. మనకంత ఎత్తెందుకు? నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతులు (పెలికాన్లు) నీటిలోని చెట్ల మీదే గూళ్లు కడతాయి. చెట్ల తలలను మించి మనిషి కనిపిస్తే బెదురుతాయి. జొన్నచేలో మంచె అంత ఎత్తు, చూసేందుకు సందులున్న తడిక చాలు.

ఇకపై ఇలాంటివి కట్టే ముందు డ్రాయింగులు, ఏటా మరమ్మతులకు కేటాయించే డబ్బు వివరాలు జనానికి చూపించాలని అటవీ శాఖను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, నెల్లూరు