బీరువా తాళం గురించి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను చిత్తూరు జిల్లాలోని ఒక పల్లెలో, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. కొంతకాలం క్రితం మా బడికి సంచార ప్రయోగశాల వ్యాను వచ్చింది. ఎప్పుడూ తల దించుకుని కూర్చునే ఎనిమిదో తరగతి అమ్మాయి ఆ రోజు ఉల్లిపొరను తన గోటితోనే ఒలిచి, స్లైడు మీద పరిచి, అయోడిన్ చుక్క వేసి, మైక్రోస్కోపులో చూసింది. కన్ను తీయకుండానే, "మేడం, గోడకు ఇటుకలు పేర్చినట్టుండాయి, ఒక్కో ఇటుకలో ఒక చుక్క ఉండాది" అంది. కణకవచం, కేంద్రకం అనే మాటలను ఆమె అంతకుముందు నోట్సులో ఎన్నోసార్లు రాసింది కానీ, అవి తన కంటికి కనబడే వస్తువులని ఆ రోజే తెలుసుకుంది.

మర్నాడు చేలోంచి వేరుశనగ ఆకులు తెచ్చి, వీటిలోనూ ఇటుకలుంటాయా అని అడిగింది. అప్పటికి వ్యాను వెళ్లిపోయింది. మా మైక్రోస్కోపు బీరువాలో ఉంది, దాని పేరు స్టాకు రిజిస్టరులో ఉంది, పగిలితే ఎవరు జవాబు చెప్పాలన్న భయం మా అందరిలో ఉంది. తాళం తీయించడానికి నాకు పది రోజులు పట్టింది. ఈలోగా ఆ పిల్ల అడగడం మానేసింది. అందులో నా తప్పు కూడా ఉంది.

మన జిల్లాలోనే, కుప్పం దగ్గర గుడివంకలో, 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్ 172 ఎకరాల ప్రాంగణంలో పల్లె పిల్లల చేత ప్రయోగాలు చేయిస్తోంది. సైన్సును ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక వారి చెకుముకి సైన్సు పరీక్షలూ పిల్లలకు తెలిసినవే. ఇలాంటి ప్రయత్నాలు సైన్సంటే పిల్లలకున్న బెరుకును పోగొడతాయని కళ్లారా చూశాను. అయితే ఆ ఉత్సాహాన్ని మిగతా సంవత్సరమంతా నిలబెట్టవలసింది బడే. జాతీయ సైన్స్ దినోత్సవమైన ఫిబ్రవరి 28న, కాంతి గురించి సి.వి. రామన్ కనుగొన్న రామన్ ఫలితం మీద వ్యాసాలు రాయించే మేము, ఎండలో పట్టి చూడమని ఒక గాజు పట్టకాన్ని (ప్రిజాన్ని) వాళ్ల చేతికివ్వడానికి వెనకాడుతున్నాము.

కాబట్టి, పిల్లలు వాడుతుండగా పగిలిన గాజు పరికరాలను ప్రధానోపాధ్యాయుల సంతకంతో రిజిస్టరులోంచి తీసివేసే వీలు కల్పిస్తూ, ఆ నష్టాన్ని ఉపాధ్యాయుల నుంచి రాబట్టరాదని స్పష్టంగా ఉత్తర్వు ఇప్పించండి. స్లైడులకు, రసాయనాలకు ఏటా కొంత సొమ్ము కేటాయించండి. వ్యాను వచ్చే ముందు రోజు మాకు ఆ ప్రయోగాలు నేర్పి, వెళ్లేటప్పుడు ఒక కిట్టు బడిలోనే వదిలి వెళ్లేలా నిర్వాహకులతో మాట్లాడండి. ఎంతమంది పిల్లలు చూశారనే లెక్కతో ఆగకుండా, నెల తర్వాత ఆ పరికరాలను ఎన్నిసార్లు బయటకు తీశారో మమ్మల్ని అడగండి.

భవదీయురాలు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు