సున్నుండ తినట్లేదని బెంగ పెట్టుకోకు

చి. అమ్మలుకి నాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం కులాసా. నీ పాము పిల్ల సున్నుండ ఎలక ముట్టట్లేదని రాత్రి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజులు విన్నాను, మీ అమ్మ పక్కనే ఉంది కాబట్టి ఇయర్ ఫోన్ పెట్టుకుని మరీ విన్నాను. ఫోన్లో చెప్తే సగం నువ్వు వినవు, సగం నేను మర్చిపోతాను, అందుకే కూర్చుని టైప్ చేస్తన్నాను, ఓపిగ్గా చదువు.

పాము కొన్నావని తిట్టను. కొనేశావు, పేరు కూడా పెట్టేశావు, ఇంకేటి తిడతాం. ఇక్కడైతే మన కొండచిలువ పిల్లని ఇంట్లో పెట్టుకుంటే కేసే, 1972 వన్యప్రాణి చట్టంలో అదీ పులీ ఒకే షెడ్యూల్లో, అంటే ఒకే జాబితాలో ఉన్నాయి. నీది ఆఫ్రికా జాతి బాల్ పైథాన్ అనే చిన్న రకం కొండచిలువ, అమెరికాలో మీ కొలంబస్ ఊరి షాపుల్లో దొరికేదే కాబట్టి నాకు అభ్యంతరం లేదు. మీ అమ్మ సంగతి వేరే, అది తర్వాత చెప్తాను.

నా సర్వీసంతా ఒడిశా పర్లాకిమిడి చుట్టుపక్కల పశువుల ఆసుపత్రుల్లోనే గడిచింది, పాముకి వైద్యం చేసింది ఎప్పుడూ లేదు. కానీ తిండి మానేసిన జంతువుని చూడ్డం మాత్రం రోజూ పనే. పాతపట్నం వైపు నుంచి ఎవరో ఒక రైతు వచ్చి బాబూ గేదె మేత ముట్టట్లేదు అంటే మా పెద్ద డాక్టరు గారు గడ్డి సంగతి అడిగేవారు కాదు, కొట్టం ఎటుంది, రాత్రి చలి తగులుతందా, సంతలో కొత్తగా కొన్నదా, పక్కన కుక్క కట్టేశారా, ఇవి అడిగేవారు. సగం కేసులు అక్కడే తేలిపోయేవి. నీ మెసేజుల్లో చూస్తే మొత్తం ఎలక గోలే. చిన్న ఎలక పెట్టాను, పెద్ద ఎలక పెట్టాను, తెల్లది పెట్టాను అని. పెట్టె గురించి ఒక్క ముక్క లేదు. నువ్వు పంపిన ఫోటోలు పెద్దవి చేసి చూసి నేనే తెలుసుకోవాల్సి వచ్చింది.

ఫోటోలో ఏటి కనపడిందంటే, పెద్ద గాజు పెట్టె, నాలుగు వైపులా ఖాళీ, మధ్యలో ఒక ప్లాస్టిక్ గుహ, అందులో ఇలాంటి పిల్లలు పది పడతాయి. సున్నుండ అందులో లేదు. నీళ్ల గిన్నెకీ గాజుకీ మధ్య సందులో ఇరుక్కుని, తల చుట్టల కిందికి దూర్చేసి ఉంది. అది ముద్దుగా ముడుచుకోడం కాదమ్మా, భయం. ఆ జాతి ఊళ్లో, అంటే ఘానా, టోగో, బెనిన్ వైపు, పగలంతా ఎలకల బొరియల్లోనో చెదపుట్టల్లోనో దూరి ఉంటాయంట. దాన్ని నువ్వు ట్యూబ్ లైటు కింద అద్దాల మేడలో పెట్టి భోంచెయ్యమంటన్నావు.

కాబట్టి ముందు ఇవి చెయ్యి. చుట్ట చుట్టుకుంటే ఒళ్లంతా నాలుగు పక్కలా తగిలేంత ఇరుకు గూళ్లు రెండు కొను, ఒకటి వేడి వైపు, ఒకటి చల్ల వైపు. ఒకటే ఉంటే వేడి కావాలా దాక్కోడం కావాలా అని అది తేల్చుకోలేదు. గాజుకి మూడు వైపులా బయట నుంచి నల్ల కాగితం అంటించు. మిగిలిన ఖాళీలో ప్లాస్టిక్ ఆకులు, అట్టపెట్టె ముక్కలు, ఏదుంటే అది పడెయ్యి, అందంగా లేకపోయినా పర్లేదు.

రెండోది వేడి. నీ థర్మామీటరు గాజు పైన అంచుకి అంటించి ఉంది, పాము ఉండేది కింద నేల మీద, పైన గాలి వేడి తెలిసి ఏం లాభం. వైరు చివర ప్రోబ్ ఉండే డిజిటల్ ది కొని వేడి గూట్లో నేల మీద పెట్టు. అక్కడ 88 నుంచి 92 ఫారెన్‌హీట్, మన లెక్కలో 31 నుంచి 33. చల్ల వైపు 76 నుంచి 80. పాముకి ఒంట్లో సొంత వేడి ఉండదు కదా, బయట వేడి చాలకపోతే మింగింది అరగదు, అందుకని నోరే తెరవదు. పెట్టెకి వేడినిచ్చే హీట్ మ్యాట్ కి, వేడి మించకుండా ఆపే థర్మోస్టాట్ పెట్టావా లేదా రాయలేదు. లేకపోతే ఇవాళే ఆర్డర్ పెట్టు, అది లేకుండా మ్యాట్ పెడితే పొట్ట కాలిపోద్ది. ఇంకోటి, మీకు చలి మొదలై రూమ్ హీటర్లు వేసుంటారు, గాలి ఎండిపోతది, దీనికేమో తేమ 60 శాతం దగ్గర ఉండాలి. పైన జాలీ మూతని సగం పైగా ఫాయిల్ తో కప్పు, నీళ్ల గిన్నె పెద్దది పెట్టు.

మూడోది నువ్వు. రోజూ చేతిలోకి తీసుకుని వీడియో తీసి ఫ్రెండ్స్ కి పెడతన్నావు, కాదనకు, స్టేటస్ లో చూశాను. ఇవన్నీ సరిచేశాక ఒక వారం ముట్టుకోకు. నీళ్లు మార్చు, వచ్చెయ్యి. ఆ వారంలో ఎలకా పెట్టొద్దు.

ఒకసారి మహేంద్రగిరి కింద ఒక ఊళ్లో మేకకి కట్టు కట్టడానికి వెళ్తే అక్కడ పొలం గట్టు మీద జనం మూగి ఉన్నారు, చూస్తే కొండచిలువ, మేకపిల్లని మింగి కదల్లేక పడుంది, పొట్ట దగ్గర చర్మం సాగి పొలుసుకీ పొలుసుకీ మధ్య తెల్లగా కనపడతంది. ఫారెస్టు వాళ్లొచ్చే లోపల కుర్రాళ్లు కర్రతో పొడిచి, సెల్ఫీలు దిగి నానా గోల చేశారు. అది నోరు బార్లా తెరిచి మింగిందంతా కక్కేసి పొదల్లోకి జారిపోయింది. అంత పెద్దదే కంగారు పడితే కడుపులోది వదిలేసి పారిపోయింది, ఇది నీ అరచేతిలో పట్టేది. తిన్న తర్వాత కూడా రెండ్రోజులు చెయ్యి వెయ్యకు, గుర్తుంచుకో.

ఇప్పుడు ఎలక సంగతి. అన్నిటికంటే ముందు ఆ షాపుకి ఫోన్ చేసి అక్కడేం తినేదో అడుగు. చుంచా, పెద్ద జాతి ఎలక పిల్లా, బతికున్నదా, ఫ్రీజర్ దా, చివరగా ఎప్పుడు తింది. ఈ జాతి పిల్లలు మొదట దేనికి అలవాటు పడితే దానికే మొరాయిస్తాయి, అక్కడ బతికున్న చుంచు తిని ఇక్కడ ఫ్రీజర్ ఎలక చూస్తే అది తిండని కూడా దానికి తెలీదు. సైజు నీ వంటింటి కాటా మీదే తేలిపోద్ది. 74 గ్రాములు అన్నావు కదా, దానికి 8, 10 గ్రాముల ఎలక చాలు, నడుము లావుని మించకూడదు. నువ్వు రెండోసారి పెట్టింది దానికి తిండి కాదు, శత్రువు.

ఫ్రీజర్ లోంచి తీసింది జిప్ కవర్లో వేసి రాత్రి ఫ్రిజ్ కింది అరలో పెట్టు, నీ రూమ్మేట్ ఆవకాయ సీసా పక్కన మాత్రం పెట్టకు పాపం, వేరే డబ్బాలో పెట్టి మూత వెయ్యి. మర్నాడు సాయంత్రం కవరుతోనే వేడి నీళ్లలో ఉంచు. మైక్రోవేవ్ వద్దు, ఒక పక్క ఉడికి ఒక పక్క ఐసు ఉంటది, పొట్ట పేలిపోద్ది. సున్నుండ పై పెదవి అంచున వరసగా చిన్న చిన్న గుంటలు కనపడతాయి చూడు, వాటితో అది వేడిని పసిగడతది. చల్లటి ఎలక దానికి రాయితో సమానం. అందుకని పెట్టే ముందు తుడిచి, హెయిర్ డ్రయర్ తో తల భాగం 100 ఫారెన్‌హీట్ దాకా వెచ్చచెయ్యి. లైట్లు తీసేసి, పొడుగాటి పటకారుతో తోక వైపు పట్టుకుని గూడు గుమ్మం దగ్గర నెమ్మదిగా కదుపు. మూతి మీదికి తోసెయ్యకు, కాస్త దూరంలో ఆపు, అదే రావాలి. నాలిక ఆడిస్తా మెడ ఎస్ లాగా వంచిందంటే పట్టబోతందని, ఊపిరి బిగబట్టుకుని ఉండు. పట్టకపోతే అక్కడే వదిలేసి నువ్వెళ్లి పడుకో. పొద్దున్నకి అలగే ఉంటే తీసి పారెయ్యి, మళ్లీ ఫ్రీజర్లో పెట్టకు. చేతులు సబ్బుతో కడుక్కో, సాల్మొనెల్లా అనే క్రిమి ఉంటది. మళ్లీ వారం దాకా అడక్కు. రోజూ బతిమాలితే ఇంకా బిగుసుకుపోతది.

కళ్లు నీలంగా మసకబారితే కుబుసం విడవబోతందని, అప్పుడు అసలు పెట్టకు, విడిచాక ఆకలి మీద ఉంటది. రెండు మూడు వారాలకీ దారికి రాకపోతే చుంచు బదులు పెద్ద జాతి ఎలక పిల్లని, లేకపోతే అటుది ఇటు మార్చి చూడు. చిన్న గాలి బెజ్జాల డబ్బాలో పామునీ వెచ్చటి ఎలకనీ కలిపి పెట్టి, ఆ డబ్బాని దాని పెట్టెలోనే వెచ్చటి వైపు రాత్రంతా చీకట్లో వదిలేస్తారంట, ఇరుకులో ధైర్యం వచ్చి తింటాయంట. బతికున్న ఎలక ఆఖర్న. అదీ పెడితే పక్కనే కూర్చో, ఎలక కరిస్తే పాముకి కన్ను పోతది.

మీ అమ్మ నాగుల చవితికి పక్కింటి ఒడియా మౌసీతో కలిసి పుట్టకి వెళ్లొచ్చింది, ఒడియా వాళ్ల పండగా అదే రోజు కదా. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే పాట, ఆ పాముకి కాసిన్ని పాలు పొయ్యమను, ఎలకలేటి పాపం అని. పాములు పాలు అరిగించుకోలేవు, పండక్కి తాగుతున్నట్టు కనపడేవి పాములోళ్లు దాహానికి మాడబెట్టినవి అని చెప్పాను, నీకన్నీ తెలుసు అని లోపలికెళ్లిపోయింది. నువ్వు మాత్రం నీళ్లే పెట్టు.

తూకం వారానికోసారి, ఒకే రోజు, నోట్ బుక్ లో రాయి. పెద్ద బాల్ పైథాన్లు నెలల తరబడి తినకపోయినా తట్టుకుంటాయి, పిల్లలకి అంత నిల్వ ఉండదు. 67 గ్రాములకి దిగిందంటే నాకు ఫోన్ చెయ్యొద్దు, పాముల్ని చూసే ఎక్సోటిక్ వెట్ కి చెయ్యి. బరువు తగ్గకపోయినా ఊపిరిలో గురక, నోట్లో చొంగ, చిగుళ్ల దగ్గర చీము, పొలుసుల మధ్య కదిలే నల్ల చుక్కలు, వీటిలో ఏది కనపడినా అదే మాట. పెంట పడితే కొంచెం డబ్బాలో తీసుకెళ్లు, పురుగులకి టెస్ట్ చేస్తారు. నోరు తెరిచి బలవంతంగా తోసే వీడియోలు నాక్కూడా కనపడ్డాయి, నువ్వు చెయ్యకు, గొంతు చీరుకుపోద్ది, అవసరమైతే ఆ డాక్టరే చేస్తాడు.

ముందు ప్రోబ్ థర్మామీటరు కొని వేడి గూట్లో ఎంతుందో చూసి నంబరు పంపు. గూళ్లు పెట్టాక ఫోటో కూడా పంపు, కానీ ఎలక ఉన్న ఫోటోలు ఫ్యామిలీ గ్రూపులో వెయ్యకు, నాకు విడిగా పెట్టు.

ఇట్లు
నాన్న