నది ఒడ్డున చోటిచ్చిన పెద్దాయనకు

ఐరిష్ వాళ్ల సెయింట్ పాట్రిక్స్ డే పండగ శనివారం, షికాగో నది ఒడ్డున మా అమ్మకు మీ చోటు ఇచ్చేశారు. పేరు అడిగేలోపే జనంలో కలిసిపోయారు. అందుకే ఇలా రాస్తున్నానండీ.

మేముండేది డౌన్‌టౌన్‌లో, లూప్ అనే పేటలోనే. మాకు కారు లేదు, ఆ అవసరమూ పడదు. కూరగాయలకైనా, కొలంబస్ డ్రైవ్‌లో పరేడ్‌కైనా నడిచే వెళ్తాం. కానీ పండగకని నదికి ఆకుపచ్చ రంగు వేసే రోజు ఆ నాలుగడుగులే గగనం. గుంటూరు నుంచి వచ్చిన అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఇసకేస్తే రాలనంత జనంలో ఆవిడ నిలబడలేకపోతుంటే నాకు టెన్షన్ మొదలైంది. మీరే గమనించి, పక్కవాళ్లను జరగమని, రెయిలింగ్ దగ్గర మీ మడత కుర్చీలో అమ్మను కూర్చోబెట్టారు.

పడవలోంచి చల్లిన పొడి నారింజ రంగులో ఉంది. నీళ్లలో పడగానే ఆకుపచ్చగా, మెరిసిపోతూ పాకింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. ఇది 1962లో మొదలైందని, చేసేది ప్లంబర్ల యూనియన్ వాళ్లని, నదిలోకి మురుగు ఎక్కడ కలుస్తోందో కనిపెట్టడానికి వాడిన రంగు నుంచే ఈ ఆలోచన పుట్టిందని మీరు ఓపిగ్గా చెప్పారు. నేను తెలుగులో చెప్పేసరికి అమ్మ ముఖం వెలిగిపోయింది. మా మావయ్యా ప్లంబరే! ఆ రాత్రే ఫోన్ చేసి ఆయనకు అంతా చెప్పింది.

మీరు చేసిన మేలు మరచిపోలేం. వచ్చే మార్చిలో మీరు ఆ రెయిలింగ్ దగ్గరే ఉంటే, సున్నుండల డబ్బాతో వస్తాం.