ఆ నాన్చుడు పుణ్యమే

నకిరేకల్,
ఆదివారం రాత్రి

బిడ్డా,

నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు నిమ్మకాయల మార్కెట్లో ఉన్నాను. మన బస్తాల పాట అప్పుడే మొదలైంది. ఆ గోలలో నువ్వు "ఐక్యరాజ్యసమితి ఒప్పుకోకుండా అగ్రరాజ్యం యుద్ధం చేయొచ్చా నాయినా?" అని అడిగితే, బస్తా ఎంతకు పోయిందని అడిగావనుకుని రేటు చెప్పాను. నువ్వు నవ్వి పెట్టేశావు. తర్వాత మీ అమ్మ సంగతి చెప్పింది. ఇది ఫోన్‌లో తెమిలేది కాదని కాగితం తీసుకున్నాను.

మీ లా కాలేజీ మూట్ కోర్టులో, అదే ఉత్తుత్తి కోర్టు వాదనల పోటీలో, నీకు అగ్రరాజ్యం పక్షం వచ్చిందట. "సమితిలో ఏదీ తెమలదు, నాన్చి నాన్చి పెడతారు, బలమున్నవాడు ఎందుకు ఆగాలి?" అన్నది నీ వాదనట. నాన్చుతారన్నది నిజం. కానీ ఆ నాన్చుడు పుణ్యాన ప్రాణాలతో ఇంటికొచ్చినవాణ్ణి నేను.

1990 ఆగస్టు 2న నేను కువైట్‌లో హౌస్ డ్రైవర్‌ని. ఇరవై నాలుగేళ్లు. పొద్దున్నే కఫీల్, అంటే నన్ను పనిలో పెట్టుకున్న యజమాని, రొట్టెలు తెమ్మంటే బండి తీశాను. రెండు వీధులు దాటేసరికి రోడ్డుకు అడ్డంగా ట్యాంకు. దాని మీద కూర్చున్న ఇరాక్ సిపాయికి నా వయసే ఉంటుంది. బూట్లు విప్పి పక్కన పెట్టుకుని, కాళ్లు ఒత్తుకుంటున్నాడు. నన్ను చూసి పొమ్మన్నట్టు చేయి ఊపాడు. రొట్టెలు లేకుండానే వెనక్కి తిప్పాను. ఆ రోజు ఇంట్లో ఎవరూ ఏమీ తినలేదు.

ఆరు వారాల తర్వాత బస్సు దొరికింది. బస్రా, బాగ్దాద్, అక్కడి నుంచి జోర్డాన్ సరిహద్దు. రువైషిద్ దగ్గర ఎడారిలో గుడారాల్లో పదకొండు రోజులు ఉన్నాం. నీళ్ల ట్యాంకర్ వస్తే లైన్లు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన నల్లగొండ వాణ్ణి కదా, ట్యాంకర్ ముందు బిందె పట్టుకుని నిలబడటం మనకు కొత్త కాదు. పక్కనున్న కేరళ అతను ఏడుస్తుంటే నేనే ధైర్యం చెప్పాను. తర్వాత అమ్మాన్, అక్కడ ఎయిర్ ఇండియా విమానం, బొంబాయి. ఆ రెండు మూడు నెలల్లో మన విమానాలు దాదాపు 500 ట్రిప్పులు తిరిగి లక్షకు పైగా మందిని తీసుకొచ్చాయి.

ఇప్పుడు తారీఖులు చూడు. సద్దాం కువైట్‌లోకి వచ్చింది ఆగస్టు 2. సమితి భద్రతా మండలి అదే రోజు తప్పుపట్టింది, నాలుగు రోజులకు ఆంక్షలు పెట్టింది. బలప్రయోగానికి ఒప్పుకున్న 678వ తీర్మానం నవంబర్ 29న వచ్చింది. క్యూబా, యెమెన్ వద్దన్నాయి, చైనా ఓటు వేయలేదు, మిగతా పన్నెండు దేశాలు సరేనన్నాయి. అందులో కూడా జనవరి 15 దాకా గడువు పెట్టారు. బాంబులు పడింది జనవరి 17న. మొత్తం ఐదున్నర నెలలు. మా కోసం ఎవరూ ఆగలేదు, అది నాకూ తెలుసు. అమెరికాకు సౌదీలో సైన్యాన్ని దింపడానికే నెలలు పట్టింది. కానీ దేశదేశం తిరిగి ఓట్లు అడుక్కునే పని లేకపోయి ఉంటే ఆ తారీఖు ఎంత ముందుకు జరిగేదో ఎవరు చెప్పగలరు? మేము బాగ్దాద్‌లో బస్సు మారుతున్నప్పుడే పడి ఉంటే?

ఇదే మాట మా కఫీల్ ముందు మాత్రం అనలేను. 1992లో మళ్లీ ఆయన దగ్గరికే పనికి వెళ్లాను. ఆయన తమ్ముణ్ణి 1990 అక్టోబర్‌లో ఇరాక్ వాళ్లు పట్టుకుపోయారట, తిరిగి రాలేదు. అలా జాడ లేకుండా పోయినవాళ్లు 600కు పైనే. ఒకరోజు బండిలో వెళ్తుంటే అన్నాడు, "మీరంతా వెళ్లిపోవడానికి ఆ నెలలు పనికొచ్చాయి. నా తమ్ముణ్ణి తీసుకుపోవడానికి వాళ్లకు కూడా ఆ నెలలే పనికొచ్చాయి" అని. నేను గేరు మార్చి ఊరుకున్నాను. ఇప్పటికీ దానికి జవాబు లేదు నా దగ్గర. నీ పక్షానికి ఈ మాట పనికొస్తుంది, వాడుకో.

ఇక 2003 సంగతి. మార్చి 20న పొద్దున ఎనిమిది దాటింది, నల్లగొండ సర్కారు దవాఖానలో నువ్వు పుట్టావు. బయట టీ కొట్టు టీవీలో బాగ్దాద్ మీద మొదటి బాంబులు చూపిస్తున్నారు. ఆడపిల్ల అని నర్సమ్మ వచ్చి చెప్పేసరికి నేను ఆ టీవీ ముందు ఉన్నానని మీ అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. మీ చిన్నాయిన అప్పుడు కువైట్‌లో ఉన్నాడు, అటువైపు కూడా క్షిపణులు వస్తున్నాయన్నారు. ఎస్టీడీ బూత్‌కూ దవాఖానకూ మధ్య తిరగడమే నా పని.

ఆ యుద్ధానికి ముందు ఏం జరిగిందో నీ పుస్తకాల్లో ఉండే ఉంటుంది. 2002 నవంబర్‌లో 1441వ తీర్మానం పదిహేనుకు పదిహేను ఓట్లతో పాసైంది. సామూహిక విధ్వంస ఆయుధాలు దాచారేమోనని చేసే తనిఖీలకు సహకరించమని ఇరాక్‌కు ఆఖరి అవకాశం అన్నారు, లేకపోతే తీవ్ర పరిణామాలన్నారు. యుద్ధం చేయండని మాత్రం అందులో లేదు. ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ మండలిలో కూర్చుని, ఇరాక్ దగ్గర అలాంటి ఆయుధాలున్నాయంటూ చిన్న సీసా పైకెత్తి చూపించాడు. తనిఖీల పెద్ద హాన్స్ బ్లిక్స్ మార్చి 7న, ఈ పని తేల్చడానికి ఏళ్లు అక్కర్లేదు, వారాలు చాలవు, నెలలు కావాలన్నాడు. అడిగింది నెలలే! యుద్ధానికి దారిచ్చే రెండో తీర్మానానికి ఓట్లు రావని తెలిసి మార్చి 17న అమెరికా, బ్రిటన్, స్పెయిన్ దాన్ని పక్కన పెట్టేశాయి. మూడు రోజులకు యుద్ధం. తర్వాత అమెరికా పెట్టిన బృందమే ఊరూరా వెతికి, దాచిన ఆయుధాల నిల్వలేవీ లేవని 2004లో రాసిచ్చింది. పావెల్ కూడా ఆ ప్రసంగం తనకు మచ్చ అని ఒప్పుకున్నాడు. బ్లిక్స్‌కు ఆ నెలలు ఇచ్చి ఉంటే అదే జవాబు ముందే వచ్చేది.

అందుకే నా లెక్కలో అనుమతి అంటే ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ల మంచితనం మీద నమ్మకం కాదు. ఐదుగురికి వీటో, అంటే ఏ తీర్మానాన్నైనా ఒక్కరే ఆపేసే హక్కు, ఉన్న చోట మంచితనం గురించి మాట్లాడటం దండగ. 2022లో రష్యా ఉక్రెయిన్‌లోకి వెళ్లి, మర్నాడు తన మీద వచ్చిన తీర్మానాన్ని తనే వీటో చేసింది. పంచాయితీలో తగువు పెట్టుకున్నవాడే పెద్దమనిషి కుర్చీలో ఉన్నట్టు. అయినా అడగాల్సి వస్తే ఆధారం బయటపెట్టాలి, నలుగురూ దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తారు, ఈలోగా ఎవడో ఒక డ్రైవర్ బస్సెక్కుతాడు. నాకు అంతే కనిపిస్తుంది అందులో.

ఏప్రిల్ 9 నీ ఇరవై ఒకటో రోజు, తొట్టెలలో వేశాం. రాత్రి భోజనాలప్పుడు టీవీలో సద్దాం విగ్రహాన్ని పడగొడుతున్నారు. మీ చిన్న తాత "అయిపోయింది యుద్ధం" అన్నాడు. (అమెరికా సైన్యం అక్కడి నుంచి బయటికి రావడానికి 2011 డిసెంబర్ పట్టింది.) నేను ఆవేశంగా, "ఎవర్నీ అడగకుండా వేరే దేశంలోకి వెళ్లడమేంటి?" అంటున్నాను. విస్తర్లు తీస్తున్న మీ నాయినమ్మ ఆగి, "మరి మన దగ్గరికి మిల్ట్రీ ఎవర్నడిగి వచ్చింది?" అంది.

అందరం నోరు మూసుకున్నాం. 1948లో ఆమెకు పదేళ్లు. రజాకార్లు వస్తున్నారంటే ఆడపిల్లల్ని జొన్న చేలల్లో దాచేవారు, ఉన్న గింజలు పాతరలో. సెప్టెంబర్‌లో విజయవాడ రోడ్డు మీద మిలిటరీ లారీలు వస్తుంటే ఊరంతా వెళ్లి నిలబడ్డారట. ఆమెకు తెలియని సంగతి ఒకటుంది. నిజాం ఆగస్టులోనే భద్రతా మండలికి ఫిర్యాదు పంపాడు. సెప్టెంబర్ 13న మన సైన్యం కదిలింది, 16న పారిస్‌లో మండలి ఆ ఫిర్యాదు చేతిలోకి తీసుకుంది, 17న నిజాం లొంగిపోయాడు, తర్వాత ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. ఇది ఇంటి వ్యవహారమని మన దేశం వాదించింది. నేనూ అదే అంటాను. కానీ అలా అన్నప్పుడల్లా, ఇరాక్ విషయంలో చెప్పిన సూత్రం నాకే అడ్డం తిరుగుతున్నట్టు ఉంటుంది. మీ నాయినమ్మకు ఇంకోటి కూడా గుర్తుండేది. ఆ గొడవల తర్వాత ఆమెతో గచ్చకాయలాడే సాయిబుల పిల్ల కుటుంబం రాత్రికి రాత్రి ఊరొదిలిపోయింది. పశ్చిమ జిల్లాల్లో అంతకంటే ఘోరాలు జరిగాయి. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ వెళ్లి చూసి నివేదిక ఇస్తే, అది దశాబ్దాల పాటు బయటికి రాలేదు. ఆ పిల్ల పేరు తలుచుకున్నప్పుడు ముసలమ్మ గొంతు మారేది.

వాదనకు ఒక సలహా. ఇరాక్ పట్టుకుని గెలవలేవు, అప్పటి సమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ అంతటివాడే 2004లో అది సమితి చార్టర్ ప్రకారం చెల్లదన్నాడు. కొసోవో పట్టుకో. 1999లో అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో, మండలి అనుమతి లేకుండానే యుగోస్లావియా మీద 78 రోజులు బాంబులు వేసింది. తర్వాత కూర్చున్న స్వతంత్ర కమిషన్ అది చట్టవిరుద్ధం, కానీ న్యాయసమ్మతం అని రెండూ అంది. దాని ముందు రువాండా ఊచకోత పెట్టు. 1994లో వంద రోజుల్లో సుమారు 8 లక్షల మంది చచ్చిపోతుంటే ఆ నాన్చుడే కదా నడిచింది. మా కఫీల్ మాట అక్కడ సరిగ్గా అతుకుతుంది.

అవతలి పక్షం వాళ్లు మన దేశం సంగతి తీస్తారు, సిద్ధంగా ఉండు. నీ తొట్టెలకు ముందురోజు లోక్‌సభ ఇరాక్ యుద్ధం మీద తీర్మానం చేసింది. హిందీలో "నిందా" అని రాశారు. ఇంగ్లీషులో దానికి ఎంత గట్టి మాట పెట్టాలన్న దాని మీద పెద్ద చర్చ. మనకైతే నింద అంటే ఎవరి మీదో వేసేది, దీనికి ఖండన అనాలి! ఇరాక్‌కు మన సైన్యాన్ని పంపమని అమెరికా అడిగితే, ఆ జులైలో, సమితి స్పష్టంగా చెబితే ఆలోచిస్తామని వాజ్‌పేయి ప్రభుత్వం తప్పుకుంది. నా దృష్టిలో అది తెలివైన పని. మీ చిన్న తాత పిరికితనం అన్నాడు. చాలా రోజులు మాట్లాడుకోలేదు మేము.

దీంతో పాటు నా పాత పాస్‌పోర్టు పేజీ జిరాక్స్ పెట్టాను. జోర్డాన్ ముద్ర కొంచెం చెరిగింది, కానీ 1990 సెప్టెంబర్ అని చదవొచ్చు. అసలుది బీరువాలో ఉంది, అడగకు, ఇవ్వను. మీ అమ్మ నిమ్మకాయ పచ్చడి సీసా బస్సు డ్రైవర్‌కు ఇచ్చింది. రేపు తొమ్మిదింటికల్లా ఎల్బీనగర్‌లో ఉండు, లేకపోతే అది మెహదీపట్నం పోతుంది.

నీ నాయిన